జడలు అయ్యేలోపు

దువ్వెన మొనతో పాపిడి తీసి, పాయను మూడుగా విడదీసి, నల్లటి సవరం కలిపి, కుదుళ్ళ దగ్గర గట్టిగానూ కిందికి పోయేకొద్దీ వదులుగానూ అల్లుకుంటూ పోతోంది అరబా. ఆమె మోకాళ్ళ మధ్య పీట మీద కూర్చుని మాన్సా నవల చదువుతోంది, బళ్ళో పిల్లలకు వినిపించినట్టు పైకి. ఎల్మినా చేపల రేవుకు పోయే దారిలో ఉన్న ఆ చెక్క కొట్లో ఇవాళ ఇంకో బేరం లేదు. వచ్చినవాళ్ళను అరబాయే తిప్పి పంపింది.

వీధిలో అందరికీ మాన్సా అరబా చెల్లెలు. నిజానికి కూతురు. పదిహేనేళ్ళ వయసులో కడుపుతో ఉన్న అరబాను తల్లి ఎక్కడో దూరపు చుట్టాల ఊరికి తీసుకుపోయి, తిరిగొచ్చేటప్పుడు బిడ్డను తన వీపుకు కట్టుకుని వచ్చింది. ఆ రోజు నుంచి అరబా అక్క అయింది. పాలు ఇంకిపోవాలని రొమ్ములకు గుడ్డ బిగించుకుని, పక్కగదిలో బిడ్డ ఏడుస్తుంటే వింటూ పడుకునేది. తర్వాత పెళ్ళీ పెటాకులూ లేవు. ఒకరిద్దరు అడిగారు గానీ, చెప్పి చేసుకునే ధైర్యం లేదు, దాచి చేసుకునే నేర్పూ లేదు. ఊరి తలలన్నీ అల్లుకుంటూ ఉండిపోయింది, పిచ్చి మనిషి.

పోయినేడు తల్లి చావుమంచంలో ఉన్నప్పుడు చేయి పట్టుకుని, "దాని పెళ్ళయ్యి అత్తారింటికి పోయేముందు చెప్పుకో. ఇంక నిన్ను ఆపను," అంది. మొన్న శనివారం పెళ్ళయింది. తల్లి కుర్చీలో పెద్దమ్మ కూర్చుంది. మాలో తల్లి లేకపోతే తల్లి అక్కే తల్లి, దానికెవరూ వంక పెట్టరు. అరబా వెనక నిలబడి, ఎవరి తలగుడ్డ జారితే వాళ్ళది సర్దుతూ గడిపింది.

ఇవాళ మధ్యాహ్నం మాన్సా మొగుడితో ఉత్తరాన తమాలేకు పోతోంది. చెబితే ఈ జడలు అయ్యేలోపే చెప్పాలి. మొహం చూస్తూ ఆ మాట అనడం అరబా వల్ల కాదు. ఇన్నేళ్ళుగా ఆమె దగ్గర గుట్టు విప్పుకున్న ఆడవాళ్ళంతా మొహం అటు పెట్టుకునే చెప్పారు. తానూ తల వెనక నుంచైతే చెప్పగలననుకుంది.

నవలలో ఓ పెద్ద కుటుంబం. తండ్రికి వేరే ఊళ్ళో ఇంకో ఇల్లుంది. పెద్దకొడుకు తాగుడికి పడవలు తెగనమ్ముతుంటాడు. ఎవరూ ఎవరితోనూ నిజం మాట్లాడరు. వాకిట్లో పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ముద్దలు అమ్ముకునే ఎసి పిన్ని బేరం వదిలేసి గుమ్మంలో చేరింది.

"ఆ ఇంట్లో ఒక్కడైనా కడుపునిండా తింటున్నాడా? ఎంతసేపూ ఏడుపే!"

"తిని పడుకుంటే కథేం నడుస్తుంది పిన్నీ," అని మాన్సా నవ్వింది.

"నా దగ్గరికి పంపు. నాలుగు ముద్దలూ వేపిన చేపా పడితే గుట్లన్నీ వాళ్ళే కక్కేస్తారు."

మాన్సా పేజీ తిప్పింది. ఆ ఇంట్లో మేనత్తగా తిరిగే ఆవిడే చిన్నపిల్లకు కన్నతల్లి. పెంచిన తల్లి పోయాక, పెళ్ళినాడు, వంటింట్లో ఆ పిల్లకు చెప్పేస్తుంది. చదువుతున్న గొంతు ఆగింది. అరబా వేళ్ళూ ఆగాయి.

"ఆ పిల్ల ఏమంటుంది?" అని అడిగింది.

"అనేదేముంది? గుమ్మం దాటి పోతుంది. మంచి పని చేసింది."

"పాపం, ఆవిడ మాత్రం ఎన్నాళ్ళని మోస్తుందే?"

"మొయ్యాలక్కా. అన్నేళ్ళు మోసినావిడ ఇంకొన్నాళ్ళు మొయ్యలేదా? తన గుండెల్లో బరువు తీసి పిల్ల నెత్తిన పెట్టింది. ఇప్పుడా పిల్ల ఎవర్ని అమ్మా అని తలుచుకుని ఏడవాలి? అదే నేనైతే జన్మలో ఆవిడ మొహం చూడను... అబ్బా! నెత్తి ఊడొస్తోంది అక్కా!"

అరబా చూసుకుంది. ఆ ఒక్క జడా కుదుళ్ళ దగ్గర చర్మం పైకి లేచేంత బిగిసింది. విప్పేసి, నెత్తి మీద నూనె రాసి, మళ్ళీ మొదలుపెట్టింది.

"పుస్తకంలోవాళ్ళ కోసం మీరెందుకే కొట్టుకు చస్తారు?" అంది ఎసి పిన్ని.

"ఆవిడ చెడ్డదేం కాదు," అంది అరబా.

"నీకు అందరూ మంచివాళ్ళే," అంది మాన్సా.

అరబాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నవల రాసినవాళ్ళ మీద కోపం కూడా వచ్చింది. తాగుబోతుకు అంత కథ రాశారు, ఆ మేనత్త వంటింట్లో గడిపిన ఏళ్ళకు ఒక్క పేజీ ఇవ్వడానికి చేతులు రాలేదా?

చివరి వరస కావాలని నెమ్మదిగా అల్లింది. ఒక్క పాయ మిగిలింది.

"మాన్సా."

"ఊఁ?"

నాలుక దాకా వచ్చింది. కళ్ళ ముందు పిల్ల మెడ, ఆ మెడ మీద సన్నని నూగు. జన్మలో మొహం చూడను అన్న గొంతు చెవుల్లోంచి పోలేదు.

"తల వంచు," అంది.

మాన్సా వంచింది. ఆఖరి జడ అయిపోయింది. అరబా అల్లిక విడిపోకుండా జడల కొసలన్నీ వేడినీళ్ళలో ముంచి, తువ్వాలుతో ఒత్తి, భుజాల మీద పరిచింది.

ట్రోట్రో వ్యాను వచ్చి హారన్ కొడుతోంది. మొగుడు పెట్టెలు పైకెక్కిస్తున్నాడు. మాన్సా లేచి, సంచిలోంచి నీలం బట్ట మడత ఒకటి తీసి తాను లేచిన పీట మీద పెట్టింది.

"పెళ్ళిలో మా అత్తారివాళ్ళు అమ్మకని పెట్టింది అక్కా. పెద్దమ్మ తనకి బీరువా నిండా ఉన్నాయని తిరిగిచ్చేసింది. అమ్మ ఉంటే కుట్టించుకునేది. నువ్వన్నా కుట్టించుకో, లేకపోతే ఊరికే పడుంటుంది."

అరబాను గట్టిగా కౌగిలించుకుంది. "వేళకి తిను," అంది. అరబా తల ఊపింది. బండి రేవు మలుపు తిరిగి పోయింది.

సాయంత్రానికి ఎవరో కొత్తావిడ రుమాలు విప్పుకుంటూ వచ్చి, కూర్చోమంటావా అని అడిగింది. అరబా ఇవాళ కాదని చెప్పి పంపేసింది. కొట్లో ఉన్నది ఒక్కటే పీట, దాని మీద తల్లికని పెట్టిన నీలం బట్ట మడత విప్పకుండా ఉంది.