ఆయన హస్తవాసి

"నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి, ఒక్క గ్లాసు అయ్యేదాకా మరిగించు. మూత పెట్టకు!" అని వీధి వరండాలోంచి కేకేశాడు వీరరాఘవరావు. ఎనిమిది నెలలుగా రోజూ అదే కేక. చెప్పకపోతే భార్య కుసుమ మూత పెట్టేస్తుందని కాదు, లోపల వైద్యం జరుగుతోందని వరండాలో కూర్చున్నవాళ్ళకి తెలియాలి. కుసుమ కుంపటి మీద గిన్నె పెట్టి, అశోక పట్ట, లోద్దుగ పట్ట అందులో పడేసి, ఒక చేత్తో విసనకర్ర, ఇంకో చేత్తో నడుమూ పట్టుకుని కూర్చుంది. ఆ కషాయం తనకే. పట్టలు దంచిందీ తనే, మరిగించేదీ తనే, ముక్కు మూసుకుని తాగబోయేదీ తనే. వైద్యం మాత్రం ఆయనది.

వీరరాఘవరావుది తెనాలి పక్క. రాష్ట్రం ఏర్పడగానే ఆఫీసుతో పాటు కర్నూలు నుంచి వచ్చి, చిక్కడపల్లిలో ఓ పోర్షను అద్దెకి తీసుకుని స్థిరపడ్డాడు. సూపర్నెంటు ఉద్యోగం, చేతిలో రెండు వైద్యం పుస్తకాలు, అలమారు నిండా సీసాలు. మొదట్లో ఆదివారం పూట సరదాగా నలుగురికి నాలుగు పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. అరవై తొమ్మిదిలో ఊళ్ళో ప్రత్యేక రాష్ట్రం గొడవలు మొదలై, ఒకరోజు బందు, ఒకరోజు కర్ఫ్యూ, ఆఫీసు సగం రోజులు మూతా అయ్యేసరికి సరదా కాస్తా వారం పొడుగునా సాగింది. జనానికీ వేరే పనేముంది, చెప్పులు వరండా మెట్ల కింద వరసకట్టేవి. ఆ పొట్లాలన్నిటి వెనకా కుసుమ రోలు ఉంది. కరక్కాయలు దంచి దంచి అరచేతులు బొబ్బలెక్కేవి. దంచింది పాత పంచె గుడ్డలోంచి జల్లించాలి. గరుకు తగిలితే ఆయన వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇదేం పొడే, ఇసకలా ఉంది" అని మళ్ళీ లోపలికి పంపించేవాడు. చివరికి ఆయన చేసేదల్లా చెంచాతో తీసి పొట్లం కట్టి, కళ్ళకద్దుకుని ఇవ్వడం. పక్క పోర్షను విశ్వేశ్వరరావు గారు ఆ పొట్లం అందుకుంటూ, "ఎన్ని మందులు వాడితే ఏం లాభం, మీ హస్తవాసి ఎవరికొస్తుందండీ!" అనేవారు. వంటింట్లో రోకలి పట్టుకున్న చేతికి కూడా ఓ వాసి ఉండొచ్చని ఆ వరండాలో ఎవరికీ తట్టలేదు.

పొడులు దంచితే దంచింది, పోనీ. కుసుమకి ఒళ్ళు మండేది ఇంకోటుంది. ఎనిమిది నెలల కిందట ఆమెకి నెలసరి అదుపు తప్పింది. నెలకి పదిహేను రోజులు మైల గుడ్డలు ఉతుక్కోవడమే సరిపోయేది. ఆ సంగతి మొగుడికి చెప్పుకుంటే, అది వరండాకెక్కింది. ఒకరోజు కాఫీ గ్లాసులు పట్టుకుని తెర దాకా వచ్చేసరికి ఆయన గొంతు: "అంతెందుకు, మా ఆవిడ కేసే తీసుకోండి. రక్తప్రదరం. నెలకి పదిహేను రోజులు. నా కషాయం పడ్డాక పన్నెండుకి దిగింది." అందులో నిజం కూడా లేదు, పదిహేను పదిహేడైంది. లోపలికి పోదామంటే కాఫీ చల్లారుతుంది, బయటికి పోదామంటే కాళ్ళు రావు. చివరికి పోక తప్పలేదు. గ్లాసు అందుకుంటూ విశ్వేశ్వరరావు గారి చూపు ఆమె చీర కుచ్చెళ్ళ దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. కుసుమకి ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది.

"నా సంగతులు పదిమందిలో ఏమిటండీ?" అని తర్వాత అడిగితే, "వైద్యం దగ్గర సిగ్గేమిటే, పిచ్చిదానా!" అన్నాడు. సిగ్గు లేనిది వైద్యానికి కాదు, వైద్యుడికి, అనుకుంది కుసుమ. లేడీ డాక్టరుకి చూపించమని మూడుసార్లు అడిగింది. "ఇంగ్లీషు మందు ఒళ్ళు గుల్ల చేస్తుంది. ఇవి ఆకులూ వేళ్ళూనే. గుణమిస్తే ఇస్తాయి, లేకపోతే లేదు. చెడు మాత్రం చెయ్యవు" అనేది ఆయన సిద్ధాంతం. అత్తగారు బుల్లెమ్మది ఇంకో సిద్ధాంతం: "ఆడదానికి రక్తం పోక పాలు పోతాయా? ఆరుగుర్ని కన్నాను, ఒక్కనాడు మంచమెక్కి ఎరగను." ఆవిడ కన్న ఆరుగురిలో ఇద్దరే మిగిలారన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట.

రెండు నెలల కిందట కషాయానికి తోడు ఎర్రపొడి వచ్చింది. కాచిగూడ స్టేషను దగ్గర గుడారం వేసుకున్న మూలికలవాడి దగ్గర కొన్నాడట. ఏవో వేళ్ళు కాల్చి తీసిన భస్మం, సిద్ధుల మందు. పేరు వాడు చెప్పడు, ఈయన అడగలేదు. పూటకో చిటికెడు తేనెలో. ఆ ఒక్క పొడి మాత్రం కుసుమ దంచలేదు. అది మొదలెట్టాక నోట్లో ఎప్పుడూ రాగి పైసా పెట్టుకున్న రుచి. కడుపులో మెలికలు. నాలుగేసి రోజులు విరేచనం లేదు. చెబితే, "మందు పని చేస్తోందన్నమాట" అని మోతాదు రెండు చిటికెలు చేశాడు.

అంట్లు తోమే కురుమమ్మ పాలమూరు మనిషి. మొగుడు కట్టడాల్లో కూలి. తోమిన గిన్నె బోర్లించి కుసుమ మొహంలోకి తేరిపార చూసింది.

"ఏందమ్మా, చిగుళ్ళు గట్ల నల్లగైనయి?"

"ఏమోనే."

"మొకమంత సున్నమేసిన గోడలెక్కుంది. నడుస్తుంటె తూలుతున్నవ్. బర్కత్‌పురల ఒక డాక్టరమ్మ ఉంది, నా బిడ్డను బతికిచ్చింది. జర పోదాం పా."

"ఆయన ఒప్పుకోరే."

కురుమమ్మ పీచు పక్కన పడేసింది. "కడుపు నొచ్చేది నీకా, ఆయనకా?"

ఆ మాట రెండు రోజులు కుసుమ చెవిలో జోరీగలా రొద పెట్టింది. మూడోరోజు గురువారం. ఆఫీసునుంచి వచ్చిన కారియర్‌లో పులుసు ఒలికి తోలుసంచి అంతా జిడ్డయింది. "కాస్త మూత సరిగ్గా పెట్టి ఏడవచ్చుగా" అని సంచి గుమ్మంలో పడేసి స్నానానికి పోయాడు. కుసుమ సంచి ఖాళీ చేసింది. కాగితాలు, పొడుం డబ్బా, పాత పేపరు. అడుగున లోపలి జేబులో, రుమాల్లో చుట్టి, ఓ ట్యూబు. దాని మూతికి పొడుగాటి గొట్టం. పక్కనే మాత్రల పొట్లం, నారాయణగూడ డాక్టరు చీటీ.

కుసుమ స్కూలు ఫైనలు పాసైన మనిషి, ఇంగ్లీషు చదవగలదు. తేదీ పది రోజుల కిందటిది. మొలలు, రక్తం పడుతోంది, నాలుగు రోజులుగా. పూటకోసారి ట్యూబు మందు, భోజనం తర్వాత మాత్ర. కింద గీత గీసి ఒక ముక్క: 'నో కంట్రీ మెడిసిన్స్.'

నాలుగు రోజులు! ఆమెకి ఆ పొద్దు జ్ఞాపకం వచ్చింది. దొడ్లోంచి పాలిపోయిన మొహంతో వచ్చి, "కూరల్లో కారం దట్టించి చంపుతున్నావు" అని విరుచుకుపడ్డాడు. ఆవేళ్టి నుంచి వేరే చప్పటి కూర చేస్తోంది తను, పొయ్యి దగ్గర ఇంకో అరగంట నిలబడి. ఆయన నాలుగు రోజులకి ఇంగ్లీషు డాక్టరు. పెళ్ళాం ఎనిమిది నెలలకి చెట్టు బెరడు. తన రక్తం రుమాల్లో చుట్టి సంచి అడుగున దాచుకోవలసింది, పెళ్ళాం రక్తం వరండాలో కాఫీతో పాటు పంచిపెట్టవలసింది! పులుసు కంపులో ఆ మందు కంపు కలిసి ముక్కుకి కొట్టింది. కుసుమ సంచి తుడిచి, అన్నీ ఎక్కడివక్కడ పెట్టేసింది.

శుక్రవారం ఆయన ఆఫీసుకి పోగానే అలమారు తెరిచింది. తాను తాగే పట్టల పొడి, ఉసిరిక పొడి, ధనియాల పొడి, ఎర్రపొడి, అన్నీ ఒక్కొక్క చెంచా తీసి వేరువేరు పొట్లాలు కట్టి, పెన్సిలుతో పేర్లు రాసింది. ఎర్రపొడి పొట్లం మీద రాయడానికి పేరు లేదు. అత్తగారితో, "కురుమమ్మని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తాను" అని చెప్పి, ఆవిడ నోరు తెరిచేలోగా రిక్షా ఎక్కేసింది. నారాయణగూడ చౌరస్తా దాటుతుంటే కురుమమ్మ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, పడిపోకుండా.

డాక్టరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. పరీక్ష చేసి, కుసుమ పై పెదవి వేలితో ఎత్తి చిగుళ్ళు చూసి, "ఏం మందులు తింటున్నరు? దాచకుండ చెప్పండి" అంది. కుసుమ పొట్లాలన్నీ బల్ల మీద పేర్చింది. ఏది ఎంత, ఏ పూట, ఎన్నాళ్ళుగా, నీళ్ళలోనా తేనెలోనా, అన్నీ పాఠంలా అప్పజెప్పింది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆమెకేసి చూసింది. "ముప్ఫై ఏండ్ల ప్రాక్టీసుల ఇంత సాఫుగ చెప్పినవాళ్ళను చూడలేదు. ఎవరు నేర్పిన్రు?"

"ఎవరూ నేర్పలేదండి. నేనే దంచుతాను."

పొట్లాలు ఒక్కొక్కటీ పక్కకి జరిపింది. "ఉసిరి, ధనియాలు, వంటింటివి. వీటిని నేనేం అనను, మా అమ్మ నాకూ వాము నీళ్ళు తాగిచ్చింది. ఈ బెరడు కషాయం రోగమేదో తెలిసినంక ఆలోచించే ముచ్చట, తెలవకముందు కాదు. మీ గర్భసంచిల గడ్డ ఉంది. కషాయం తాగితే గడ్డ కరగదు, దినాలు కరుగుతయి." ఎర్రపొడి దగ్గర వేలు ఆగింది. "దీని పేరేంది?"

"తెలియదండి."

"పేరు తెలవనిది ఎట్ల మింగిన్రమ్మా? చిగుళ్ళ మీద ఆ నల్లగీత సీసం గీత. దీంట్ల సీసం ఉన్నదని నా అనుమానం, పరీక్షకు పంపుత. ఇయ్యాల్టి నుంచి బంద్. ఆకు గాని, వేరు గాని, నేను రాసే మాత్ర గాని, అది ఏంది, ఎంత, ఎన్ని రోజులు అని అడగకుండ నోట్లె వెయ్యొద్దు." ఒంట్లో రక్తం సగానికి సగం లేదంది. సోమవారం ఆస్పత్రిలో చేరితే ముందు రక్తం ఎక్కించి, ఆ తర్వాత ఆపరేషన్. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే చెప్పలేనంది. ఓ కాగితం చేతికిచ్చింది. "మీ ఆయన దస్కత్ కావాలె. ఆస్పత్రోళ్ళ రూలు. కడుపు మీది, దస్కత్ ఆయనది, ఏం జేస్తం!"

ఆ సాయంత్రం కాగితం చూసి వీరరాఘవరావు గంతేశాడు. "నన్నడక్కుండా గడప దాటావా? సంతకం పెట్టను గాక పెట్టను. నలుగురూ ఏమనుకుంటారు? ఇంట్లో పెళ్ళాన్నే నయం చేసుకోలేనివాడు ఊరికేం వైద్యం చేస్తాడనరూ?" కుసుమ ఆ మొహంలోకి చూసింది. అతనికి భయం ఉంది, నిజమే. ఆమె చచ్చిపోతుందని మాత్రం కాదు. పద్దెనిమిదేళ్ళు ఈ మనిషి ఎంగిలి కంచం ఎత్తానా అనిపించింది.

ఆదివారం వరండా నిండింది. విశ్వేశ్వరరావు గారు, ఎదురింటి వాళ్ళు, కొత్తగా అశోక్ నగర్‌లో దిగిన సుందరరావు అనే కుర్ర గుమాస్తా. కుసుమ పళ్ళెంలో కాఫీ గ్లాసులు పెట్టుకుని వచ్చింది. అందరికీ ఇచ్చాక, పళ్ళెం మొగుడి ముందు పెట్టింది. అందులో ఆస్పత్రి కాగితం, దాని మీద కలం. కాగితం మడత కిందనుంచి ట్యూబు గొట్టం బెత్తెడు బయటికి కనిపిస్తోంది, ఆయన కూర్చున్న వైపుకి.

"సంతకం కావాలండి. రేపే చేరాలి" అంది మెత్తగా.

వీరరాఘవరావు కోపంగా చెయ్యెత్తాడు. గొట్టం కనిపించింది. ఎత్తిన చెయ్యి కలం మీదికి దిగింది. గొలుసుకట్టు సంతకం పెట్టాడు. కుసుమ కాగితం తీసుకుని, ట్యూబు చెంగు చాటున పట్టుకుంది. దాన్ని మళ్ళీ సంచిలో పెట్టేద్దామనే లోపలికి తిరిగింది. ప్రాణం దక్కే కాగితం చేతిలో ఉంది, ఈ మనిషి పరువుతో తనకేం పని?

వెనకనుంచి సుందరరావు గొంతు వినిపించింది, మొహమాటంగా: "గురువుగారూ, మా ఆవిడకీ... మీరు ఆమధ్య చెప్పారే, అదే బాధ. మూడు నెలలైంది."

"ఓస్, అంతేనా! మా ఆవిడ కేసు చూడ్లేదూ? ఇన్నాళ్ళు నిలబెట్టింది నా మందే. ఏదో ఆడవాళ్ళ సరదా, ఆస్పత్రి అంటోంది, పోనీమన్నాను. నీకు ఎర్రపొడి ఇస్తాను, పూటకి రెండు చిటికెలు." పొట్లం కాగితం చిరిగిన చప్పుడైంది.

కుసుమ ఆగిపోయింది. ఆ పిల్ల ఎవరో, పేరేమిటో తెలియదు. దాని చిగుళ్ళు మాత్రం కళ్ళకి కట్టాయి. వెనక్కి తిరిగి వరండాలోకి వచ్చి, ఎర్రపొడి సీసా ఆయన ఒళ్ళోంచి తీసేసుకుంది.

"ఇది మీ ఆవిడకి ఇవ్వకండి. దీన్ని తినే నా చిగుళ్ళు ఇలా అయ్యాయి. పేరు అడిగితే ఆయనకీ తెలియదు" అని సుందరరావుతో అంది. "మీ ఆవిణ్ణి బర్కత్‌పుర డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. రేపే వెళ్ళండి. నాలుగు రోజులు రక్తం పడితే మావారు కూడా డాక్టరు దగ్గరికే పరిగెత్తారు."

విశ్వేశ్వరరావు గారి చూపు ఈసారి వీరరాఘవరావు పంచె దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

కుసుమ ట్యూబు తీసి, అందరూ చూస్తుండగా మొగుడి అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళు తనే మూసింది.

"పొద్దుటి పూట మర్చిపోయారు. నేను నూరేదీ జల్లించేదీ ఏం లేదు దీనికి. మీ చేత్తో మీరే రాసుకోండి, హస్తవాసి మంచిది."