మంచు వెళ్ళాక పూసే చెట్టు

పూత వాసన.

తీపి కాదు, పులుపూ కాదు. ఎండకి కరుగుతున్న తేనెపట్టులా... కొంచెం ఘాటు.

నీలకంఠం ఇసుకలో నడుస్తున్నవాడు ఆగిపోయాడు.

చుట్టుపక్కల తోటల్లో జీడిపూత నల్లబడిపోయింది. పుష్యమాసపు మంచు రెండు వారాలు కదలకుండా కూర్చుని మాడ్చేసింది. ఈ ఒక్క చెట్టు మాత్రం — మంచు వెళ్ళాక, తీరుబడిగా, ఇప్పుడు పూసింది.

పోయినేడూ అంతే. అంతకు ముందేడూ అంతే.

మూడేళ్ళుగా చూస్తున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

పోయినేటి తుఫాను నాడు అతని రెండెకరాల్లో జీడిచెట్లన్నీ వేళ్ళతో సహా లేచి పడుకున్నాయి. ఇది ఒక్కటే రామయ్యపట్నం సముద్రానికి వీపు పెట్టి, వంగి, నిలబడింది.

మిగతా నేలంతా ఖాళీ. ఈ వానలకి మొక్క పడాలి.

ఏ రకం?

జీడిచెట్టు నాటితే ముప్పై ఏళ్ళు. తప్పు రకం నాటితే ఆ తప్పు ముప్పై ఏళ్ళూ కళ్ళ ముందే పెరుగుతుంది.

చైత్రం దాటింది. చెట్టు కింద ఎర్రటి పళ్ళు, పళ్ళ చివర పిక్కలు. ఏరి, గుడ్డలో కట్టి దాచాడు.

బరంపురం రోడ్డు మీద జగదీష్ నర్సరీ. కొత్త రకం అంటుమొక్కలు నూట అరవై, నీలకంఠం కోసమే పక్కన పెట్టాడు. నమూనా పిక్కలు గుప్పెడు తీసి అతని అరచేతిలో పోశాడు.

"మావా, పిక్క సూడు. బొటనేలంత. ఇంకేటి ఆలోచన?"

"మంచుకి ఆగుతాదా?"

"మంచు నా సేతిలో ఉందేటి? సోమారం లోపల సెప్పీ. నీ ఎనకాల పదిమంది ఉన్నారు."

నీలకంఠం పిక్కల్ని జేబులో వేసుకున్నాడు.

"నా కాడ ఓ సెట్టుంది."

జగదీష్ నవ్వాడు. "కొమ్మలు తే, అంటు కడతాను. కానీ మొక్క సేతికొచ్చీసరికి పై యేడు వానలే. ఈ యేడు నీ బూమి బోడే."

ఒక వానాకాలం.

యాభై దాటినవాడికి అది చిన్నది కాదు.

భార్య పుణ్యవతికి ఆ రాత్రి కాదు, మర్నాడు చెప్పాడు. ఆమె ఇరవై ఏళ్ళుగా జీడిపిక్కల షెడ్డులో పిక్క కొడుతోంది. జీడి రసానికి వేళ్ళు నల్లబడ్డాయి. ఆ వేళ్ళకి తెలియని పిక్క లేదు.

ఆమె రెండు రకాలూ విడివిడిగా ఉడికించింది. ఎండబెట్టింది. ఆదివారం, షెడ్డు ఖాళీగా ఉన్న పూట, చేతులకి బూడిద రాసుకుని మిషను ముందు కూర్చుంది.

అతను గుమ్మంలో నిలబడ్డాడు.

ముందు కొత్త రకం. కత్తి దిగింది. పప్పు రెండు బద్దలు. ఇంకోటి — బద్దలు. మూడోది నిలిచింది. నాలుగోది మళ్ళీ బద్దలు.

తర్వాత అతని చెట్టు పిక్క. చిన్నది.

టక్. విరగని గుండుపప్పు.

టక్. గుండు.

టక్... గుండు.

ఆమె చేయి వేగం పెరిగింది. అతను గుమ్మం వదిలి రెండడుగులు వచ్చాడు. మరో రెండు. చివరికి ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తెల్లటి పప్పులు ఒక్కటొక్కటే పళ్ళెంలో పడుతుంటే, తెలియకుండానే అతని పెదవులు లెక్కపెడుతున్నాయి. యాభైలో నలభై ఆరు.

పుణ్యవతి ఒక పప్పు కొరికింది. సగం అతని చేతిలో పెట్టింది.

"ఆ పెద్దది పెంకే ఎక్కువ. నీ సెట్టు నాలాటిది. పొట్టిది. లోపల మోసం లేదు."

అతను నమిలాడు.

"మూడేళ్ళు సూసి నాకు సెప్పలేదేటి?"

"సూస్తన్నాను."

"సూసింది సాలు. ఎల్లు."

అన్నం తినలేదు. సైకిలు ఎక్కాడు. ఎదురుగాలి — అయినా సైకిలు తేలికగా ఉంది. ఎవరో పిలిచారు, ఆగలేదు.

"ఆ మొక్కలు ఎనకాలోళ్ళకి ఇచ్చీ," అన్నాడు జగదీష్‌తో. ఒక్క మాటే. దానికోసం పది మైళ్ళు తొక్కాడు.

గేట్ బజార్‌లో ప్లాస్టిక్ రిబ్బను కొన్నాడు. చెట్టు దగ్గర మంచి కొమ్మలు ఇరవై ఎంచి, మొగ్గ ఊరాలని ఆకులు తుంచాడు. పదోనాటికి చివర్లు ఉబ్బాయి. అప్పుడు కోసి, తడిగుడ్డలో చుట్టి, పసిబిడ్డని మోసినట్టు మోసుకెళ్ళాడు. జగదీష్ లేత మొక్క తల కోశాడు, చీల్చాడు, కొమ్మ దింపాడు, రిబ్బను చుట్టాడు. ఇరవై సార్లు.

ఇవి పట్టుకుంటే మిగతావి కడతారు. పట్టుకోకపోతే —

చెట్టు ఒక్కటే. దానికీ వయసు వచ్చింది.

వానలు దిగాయి. పక్క పొలాల్లో జనం మొక్కలు నాటుతున్నారు. అతని నేల బోడిగా తడుస్తోంది. "ఏటి, ఇసక పండిస్తావా?" అంటున్నారు. ఊఁ అంటున్నాడు.

రోజూ నర్సరీ. రోజూ ఇరవై పుల్లలు.

అంటు కట్టిన పందొమ్మిదో నాడు పుణ్యవతీ వెంట వచ్చింది. ఆమే ముందు చూసింది. అతని చొక్కా లాగింది.

నాలుగో సంచిలో, పుల్ల చివర — ఎర్రగా. గోరంత. రెండు ఆకులు ఇంకా విప్పుకోని చేతుల్లా.

మిగతా పందొమ్మిదీ పుల్లలే. ఇంకా.

నీలకంఠం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముక్కు దాని దగ్గరకు తెచ్చాడు. తడిమట్టి. ప్లాస్టిక్. వాన.

పూత వాసన లేదు. ఎలా ఉంటుంది... మూడేళ్ళు కావాలి.

అయినా లేవలేదు.

మళ్ళీ ఒకసారి, లోపలికంటా, పీల్చాడు.