రెండు నాణేల మీద రబ్బరు బ్యాండు

ఆమె రాదేమో అనుకున్నాడు లిఫ్ట్ మెకానిక్. వచ్చింది. కానీ పక్క స్టూలు వదిలేసి, అవతలి దాని మీద కూర్చుంది.

నాణేల షాపాయన గాజు బల్ల మీద నల్లటి గుడ్డ పరిచాడు. మెకానిక్ చాక్లెట్ల రేకు డబ్బా తెరిచి, నాలుగు వెండి నాణేలు ఆ గుడ్డ మీద పేర్చాడు. కూతురి పుట్టినరోజుకొకటి చొప్పున కొన్నవి. ఐదోది కొనే పని పడలేదు. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్ళిన ఆ పసిగువ్వ మళ్ళీ ఇంటికి రాలేదు. తర్వాత ఆ ఇంట్లో భార్యాభర్తలూ నిలవలేదు. గోడ గడియారం నుంచి గరిటెల దాకా అన్నీ పంచుకున్నారు. ఈ డబ్బా ఒక్కటే మిగిలింది.

"అబ్బో, ఏం రంగులెక్కాయండీ," షాపాయన భూతద్దం కంటికి ఆనించాడు. "అంచున బంగారు రంగు, లోపల ఊదా, నడుమ నీలం. తోమలేదు కదా?"

"మేం ముట్టుకోలేదు."

"బతికించారు. తోమితే బోడిగుండు మిగిలేది. గ్రేడింగుకి పంపితే ఎంత బాగున్నాయో చూసి అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ హోల్డర్లో పెట్టి సీలేస్తారు. విడివిడిగా వేయించొచ్చు, నాలుగూ ఒకదాంట్లోనే వేయించొచ్చు. వేశాక విడదీయాలంటే పగలగొట్టాల్సిందే. ఎలా పంపమంటారు?"

"ఒకదాంట్లోనే," అన్నాడతను.

"విడివిడిగా," అంది ఆమె, అదే క్షణంలో.

"మా ఇంట్లోనూ ఇంతే. టీవీ రిమోటు దగ్గర మొదలవుతుంది," అని షాపాయన నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు.

"నాలుగుని రెండుతో భాగించడం అంత కష్టమా?" అందామె. బడిలో లెక్కలు చెబుతుంది.

"భాగహారం నాకూ వచ్చు, టీచరమ్మా. కొన్నాళ్ళు నీ దగ్గరుంటాయి, కొన్నాళ్ళు నా దగ్గర. నేనే తెచ్చిస్తాను, నేనే పట్టుకెళ్తాను."

ఈ మాట దారి పొడవునా అనుకుంటూ వచ్చాడు. పైకి అనేసరికి అతని చెవికే అతి తెలివిగా వినిపించింది.

షాపాయన రెండు నాణేలను ఒకదానికొకటి తగిలేలా జరిపాడు. "ఇటు చూడండి. రబ్బరులో గంధకం ఉంటుంది, దానివల్లే వెండికి రంగెక్కుతుంది. డబ్బాలో ఎవరో ఎప్పుడో రబ్బరు బ్యాండ్లు పెట్టినట్టున్నారు. ఒకటి సరిగ్గా ఈ రెంటి మీదా పడింది. సగం గీత దీని మీద, సగం దాని మీద. ఇలా పక్కన పెడితేనే సున్నా చుట్టినట్టుంది."

ఆమె చెయ్యి మణికట్టు మీదకి వెళ్ళింది. అక్కడ కూతురి ఎర్రటి జడ బ్యాండు ఉంది.

"రోజూ బడి టైముకి ఒక్క బ్యాండూ కనబడేది కాదు. మంచం కింద దూరి వెతికేదాన్ని. ఇక్కడ దాచేదా, దొంగమొహం."

అతనికి నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. ఇద్దరూ కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో. అతని మీద నిలిచిన ఆమె చూపు మాత్రం చెదిరిపోయింది.

"ఒకదాంట్లోనే ఉంచుదాం," అన్నాడు మెల్లగా.

"నాణేల కోసమే వస్తానని నా మొహం చూసి చెప్పు."

అతను చూపు నాణేల మీదకి దించాడు.

"నువ్వు గుమ్మంలో నిలబడి నవ్వుతావు. అది నీ నవ్వు కాదు, మన పిల్లది. నువ్వెళ్ళాక మళ్ళీ మొదటి రోజు నుంచీ ఏడవాలి. నావల్ల కావట్లేదు. నిన్ను తిట్టడానికి కూడా ఏమీ లేదు, అదే నా ఖర్మ."

లిఫ్ట్ ఇరుక్కుంటే ముందు లోపలి మనిషిని బయటికి తీయాలి. రిపేరు సంగతి తర్వాత. కొత్తగా చేరినవాళ్ళకి అతను చెప్పే మొదటి పాఠం అది. ఇన్నాళ్ళూ ఇంట్లో రిపేరు మీదే కూర్చున్నాడు.

"విడివిడిగానే పంపండి," అన్నాడు షాపాయనతో.

"మరి ఈ జత?"

గీత పడ్డ నాణేల్లో ఒకదాన్ని మెకానిక్ వేలితో ఆమె వైపు జరిపాడు. దానికి తోడు గీత లేనిదొకటి జరిపాడు. షాపాయన నాలుగు చిన్న కవర్లు తీసి, రెండింటి మీద ఆమె పేరు, రెండింటి మీద అతని పేరు రాశాడు.

ఆమె లేచింది. మణికట్టు బ్యాండు తీసి ఖాళీ డబ్బాలో వేసి, మూత నొక్కి, అతని చేతిలో పెట్టింది. వెళ్ళిపోయింది.

అతను కాసేపాగి వీధిలోకి వచ్చాడు. వచ్చేటప్పుడు అడుగడుక్కీ గలగలలాడిన డబ్బా ఇప్పుడు చప్పుడు చేయలేదు. ఓసారి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.