గులకరాళ్ళ నేల

రమామణి క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు నర్సుగా పనిచేసి, రిటైరైన నెలలోనే ఫ్లాట్ ఖాళీ చేసి మెకెంజీ మైదానానికి వెళ్ళిపోయింది. చుట్టూ కొండలు, మధ్యలో వాన మొహం అరుదుగా చూసే ఎడారి; కనుచూపు మేర పసుపు గడ్డి, గులకరాళ్ళు, వాటి నడుమ ఒక సన్నటి ఏరు. అనంతపురం మనిషికి ఆ ఎండిన నేల పరాయిదనిపించలేదు. గ్రాహమ్ అనే గొర్రెల రైతు తన పొలం అంచున ఉన్న రేకుల ఇల్లు అద్దెకిచ్చాడు.

"ఒక్కరే ఎలా ఉంటున్నారు ఆంటీ?" అని తెలుగు సంఘం వాళ్ళు ఫోన్లో అడిగేవారు.

"ఇన్నేళ్ళూ వార్డులో బెల్లుల మోత విన్యా. ఇప్పుడు గాలి ఇంటాండా. బాగుంది," అనేది.

ఏటా ఆగస్టులో ఆస్ట్రేలియా నుంచి సముద్రం దాటి చిన్న పిట్టలు వచ్చేవి. గుప్పెడంత ఒళ్ళు, తెల్లటి ఛాతీ మీద రెండు పట్టీలు. గూడు కట్టకుండా రాళ్ళ మధ్యే గుడ్లు పెట్టేవి. ఎక్కడెక్కడ పెట్టాయో ఆరేళ్ళుగా రమామణి రాసి పెట్టుకుంటోంది.

అంతలో ఆ నేల మీద గోల్ఫ్ కోర్సు, నలభై విల్లాలు కడతామని ఒక కంపెనీ స్థానిక కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టింది. 'పక్షులు లేని ఖాళీ స్థలం' అని అందులో రాసి ఉంది. దరఖాస్తుకు జతచేసిన స్థల పరిశీలన రిపోర్టు కింద అక్షయ అన్న పేరు, జూలై నెల తేదీ చూసి రమామణి ఆ అమ్మాయికి మెయిల్ పెట్టింది: 'అక్టోబరులో ఒకసారి రా తల్లీ.'

అక్షయ గుంటూరు నుంచి ఇన్వర్‌కార్గిల్‌కు చదువుకోవడానికి వచ్చి, ఇప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో కట్టడాలకు ముందు స్థలాలు పరిశీలించి రిపోర్టులు రాసే ఉద్యోగం చేస్తోంది. అక్టోబరులో ఒక శనివారం మొహం ముడుచుకునే వచ్చింది.

"సైట్ అంతా నడిచాను ఆంటీ. నిజంగా ఏమీ కనపడలేదు."

"అబద్ధం రాసినావని నేననలేదు పాపా. అవి ఊళ్ళో లేనప్పుడు వచ్చినావు, అంతే. ఆగు, అడుగు వెయ్యద్దు."

అక్షయ ఎత్తిన కాలు అక్కడే ఆపింది. ఎదురుగా ఒక పిట్ట రెక్క ఈడ్చుకుంటూ కుంటుతోంది.

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"ఏమీ కాలేదు. మనల్ని గుడ్ల కాడి నుంచి తప్పించాలని నాటకమాడతాంది."

అక్షయ వంగి చూసింది. బూటుకు జానెడు దూరంలో, రాళ్ళ రంగులోనే మూడు గుడ్లు. ఆమె మెల్లగా కాలు వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నానికి పదకొండు చోట్ల గుడ్లు చూశారు. రేకుల ఇంటి మెట్టు మీద కూర్చుని చిత్రాన్నం తిన్నారు.

"రిపోర్ట్ మారిస్తే మా మేనేజర్ ఊరుకోడు ఆంటీ. నా వీసా ఈ జాబ్ మీదే ఉంది."

"నిన్నేమీ రాయమని అడగను. నీ కడుపు కొట్టే పని నాకొద్దు. నాకు తెలిసింది నేను చెప్పుకుంటా. పెరుగు ఏసుకో."

నవంబరులో కౌన్సిల్ విచారణ జరిగింది. రమామణి తను గుడ్ల లెక్క రాసుకున్న పుస్తకాలు చూపిస్తూ మాట్లాడింది. మీరు నర్సు కదా, పక్షుల గురించి మీకేం తెలుసని కంపెనీ లాయరు అడిగాడు. ఆమె పుస్తకంలో పేజీ తిప్పుతుండగా వెనక వరుసలోంచి అక్షయ లేచింది.

"ఆమె రాసింది కరెక్ట్. నేను చూసింది తప్పు నెలలో," అని ఇంగ్లీషులో చెప్పి, ఆ శనివారం తీసిన ఫోటోలతో సహా కొత్త రిపోర్టు అధికారుల ముందు పెట్టింది.

క్రిస్మస్‌కు ముందే తీర్పు వచ్చింది. గులకరాళ్ళ నేలలో ఏమీ కట్టకూడదన్నారు. కంపెనీ గోల్ఫ్ కోర్సు మానుకుని, ఊరి పక్కన ఎప్పుడో దున్నేసిన పొలంలో పన్నెండు ఇళ్ళతో సరిపెట్టుకుంది.

అక్షయ ఫోన్ చేసింది. "రెండు వారాలు మేనేజర్ నాతో మాట్లాడలేదు ఆంటీ. ఇవాళ పిలిచి, కొత్త సైట్ ఏ నెలల్లో చూడాలో నువ్వే డిసైడ్ చెయ్ అన్నాడు."

"ఏం చెప్పినావు?"

"పన్నెండు నెలలూ అన్నాను."

రమామణి హాయిగా నవ్వింది. ఫోన్ పెట్టేసి, టోపీ పెట్టుకుని, కొత్త పుస్తకం చేతబట్టుకుని, తను ఇంతవరకూ నడవని ఏటి అవతలి ఒడ్డు వైపు బయల్దేరింది.