లేని ముక్కకు సైగ

ఒవీదియోకి వచ్చిన పక్షవాతం చిన్నదేనని డాక్టరు చెప్పాడు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. మూతి మాత్రం కుడివైపుకి లాగేసింది. ఇంకెక్కడైనా దీన్ని జబ్బంటారు. మా రిటైరైనవాళ్ళ క్లబ్బులో కత్తుల ఏడు అంటారు.

త్రూకో ఇద్దరిద్దరు జతగా, కత్తులూ కర్రలూ గుర్తులుగా ఉన్న పేకతో ఆడే ఆట. తన చేతిలో ఏ పెద్ద ముక్క ఉందో జతగాడికి ముఖంతోనే చెప్పాలి. కనుబొమలు ఎగరేస్తే కత్తుల ఆసు, కన్ను కొడితే కర్రల ఆసు, మూతి కుడికి తిప్పితే కత్తుల ఏడు. నోటితో ఎన్ని కోతలైనా కొయ్యొచ్చు, ముఖంతో అబద్ధమాడకూడదు. రోసారియో ఊళ్ళో, మా పేటలో, అందరూ పాటించే నీతి ఇదొక్కటే.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారమే ఒవీదియో క్లబ్బుకొచ్చాడు. ఎన్నో ఏళ్ళ జతగాడు నజరేనో ఆ మూతిని నమ్మి వరసగా పందెం పెంచాడు, వరసగా ఓడాడు.

"జబ్బని తెలుసురా. చూస్తే మాత్రం ఆగలేకపోతున్నా" అన్నాడు.

కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు లెదెస్మా బ్యాంకు మేనేజరుగా రిటైరైన దగ్గర్నుంచి ఇలాంటి సమస్య కోసమే ఎదురుచూస్తున్నాడు. మూతి సర్దుకునేదాకా ఒవీదియో ఆడకూడదని తీర్మానించారు.

కూతురు మరీసా సంతోషించింది. క్లబ్బులో సలామీ మాంసం, సిగరెట్లు. ఇంట్లో ఉడికించిన గుమ్మడికాయ. నాన్న బి.పి. చక్కగా ఉందని వీధంతా చెప్పుకొచ్చింది. ఒవీదియో గడ్డం గీసుకోవడం మానేశాడు. తర్వాత బట్టలు మార్చడం, ఆ తర్వాత మాట్లాడటం. బి.పి. ఇంకా చక్కగానే ఉంది.

ముఖానికి వ్యాయామం చేయించమని డాక్టరు చెప్పాడు. వాళ్ళదీ మాదీ ఒకే గోడ కాబట్టి నేను వినక తప్పలేదు.

"నాన్నా, ఎడమ కన్ను కొట్టు."

"ఆ ముక్క నా దగ్గర లేదు."

"ఏ ముక్క?"

"కర్రల ఆసు. లేని ముక్కకు సైగ చెయ్యను. నన్నేమనుకున్నావే?"

"ఇది వ్యాయామం నాన్నా!"

"దొంగాట ఆడే ప్రతివాడూ దానికేదో పేరు పెడతాడు."

మర్నాడు మరీసా పేక కొనుక్కొచ్చింది. ఆట నేర్చుకుని పంచడం మొదలుపెట్టింది. ముక్క పడితేనే కండరం కదిలేది. కర్రల ఆసు ఎంతకీ పడక కన్ను కదలకపోతే, ఆమె దాన్ని దాచిపెట్టి అడుగునుంచి వేసేది. వైద్యమే కదా.

"ఈమధ్య నాకు మరీ మంచి ముక్కలు పడుతున్నాయి" అని ఒవీదియో అనుమానపడ్డాడు. అయినా గడ్డం గీసుకున్నాడు.

కన్ను బాగుపడింది. మూతి మాత్రం ఇక సర్దుకోదని డాక్టరు తేల్చేశాడు. ఆ రోజు ఒవీదియో పేక ముట్టలేదు.

శనివారం మరీసా తండ్రిని వెంటబెట్టుకుని క్లబ్బుకొచ్చింది.

"తీర్మానం ఉందమ్మా. ఆ మూతి చూసి అవతలి జట్టు మోసపోతుంది" అన్నాడు లెదెస్మా.

"సైగ జతవాళ్ళ కోసం కదా ప్రెసిడెంటుగారూ? మా నాన్న మూతితో అవతలివాళ్ళకేం పని? దొంగచూపులు చూసేవాళ్ళని కాపాడ్డానికా మీ కమిటీ?"

లెదెస్మా కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆయన గెలిచింది ఆ చూపులతోనే.

"సరే, జత ఎవరు?"

నజరేనో పైకప్పు వైపు చూశాడు.

"నువ్వు చూడక్కర్లేదులే బాబాయ్" అని మరీసా తండ్రికి జతగా ఎదురుగా కూర్చుంది.

అవతలి జట్టులో లెదెస్మా కూర్చున్నాడు. చివరి పంపకానికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మరీసా తన ముక్కల్ని ఒక్కసారి చూసి బోర్లించింది.

"త్రూకో!" అంది. అంటే పందెం పెంచినట్టు.

లెదెస్మా ఒవీదియో మూతివైపు చూడబోయి, అందరూ తననే చూస్తున్నారని ఆగాడు. మరీసా ముఖం చూశాడు. అందులో ఏమీ లేదు. చాలాసేపు ఆలోచించి, పందెం వదులుకుని తన ముక్కలు కింద పెట్టేశాడు.

ఒవీదియో చెయ్యి చాపి కూతురి ముక్కలు తిరగేశాడు. మూడూ నాలుగులే. పేకలో అంతకంటే చెత్త ఉండదు.

"ఇంత నిబ్బరంగా అబద్ధమాడతావని తెలిస్తే, చిన్నప్పుడే తీసుకొచ్చేవాణ్ణి కదే" అన్నాడు.