చెమ్మ గోడ

భోజనాల గంట కొట్టగానే పిల్లలంతా గిన్నెలు మోగించుకుంటూ బయటకు పరుగెత్తారు. సైన్స్ ల్యాబ్‌లో ముగ్గురే మిగిలారు. జీవశాస్త్రం టీచరు, తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల, ఆ పిల్ల తల్లి. మైక్రోస్కోపుల పక్కన ట్యాబ్ తెరిచి ఉంది. అందులో క్లాసంతా కలిసి రాసుకునే పేజీ, ఆ పేజీలో అన్నిటికంటే పైన ఒక ఖాళీ గడి. ఆ గడి నింపించాకే కదలాలని తల్లి వచ్చింది.

ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఈ పూటకి సెలవు అడిగింది గనక ఈ పూట కూలి లేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రాయించండి మేడం. రెండు ముక్కలే కదా! సాయంత్రంలోగా రాయకపోతే గది ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. ఇంతలో ఇంకో గది ఎవడిస్తాడు మాకు?"

టీచరు ఆమె ముఖంలోకి చూడలేక ట్యాబ్ వైపు చూసింది.

ఈ పేజీ ఆలోచన టీచరుదే. ఒకరు రాసింది అందరి ట్యాబ్‌ల్లోనూ అప్పటికప్పుడే కనిపిస్తుంది. ఒకరు తప్పు రాస్తే ఇంకొకరు దిద్దుతారు. పేజీలో ఎవరున్నారో తెలిసేలా పైన రంగు చుక్కలు వెలుగుతుంటాయి. కొత్తలో పిల్లలు ఒకరి వాక్యం ఒకరు చెరుపుకుని కొట్టుకున్నారు. పోను పోను కుదురుకున్నారు. పరీక్షలకు కూడా ఆ పేజీ చూసే చదవడం మొదలుపెట్టారు.

శిలీంద్రాల పాఠం వచ్చినప్పుడు, "మీ ఇంట్లో ఎక్కడైనా బూజు పడితే ఫోటో తీసి పెట్టండి. అక్కడే ఎందుకు పట్టిందో కింద రాయండి" అని చెప్పింది. అందరూ పాచిపోయిన రొట్టె ముక్కలూ నిమ్మతొక్కలూ పెట్టారు. ఈ పిల్ల ఒక్కతే ఏమీ పెట్టలేదు. క్లాసులో అందరూ దీన్ని పిచ్చుక అంటారు. ఒకచోట నిలవదు, మాట ఆపదు. అలాంటిది ఆ రోజు తల దించుకుని, "మా ఇంట్లో ఉంది గానీ మేడం, బాగోదు" అంది.

"సైన్సుకి సిగ్గేంటే!" అని టీచరు నవ్వేసింది.

మర్నాటికి ఫోటో వచ్చింది. పరుపు పక్క గోడ. కింది నుంచి పైదాకా నల్లగా పాకిన బూజు. కింద పిచ్చుక ఇలా రాసింది: 'పై అంతస్తు గొట్టం కారుతోంది. గోడ ఆరదు. గదికి కిటికీ లేదు. చెమ్మ, చీకటి ఉన్నచోట శిలీంద్రం పెరుగుతుంది. మేం దీని పక్కనే పడుకుంటాం. అమ్మకి దగ్గు తగ్గడం లేదు.'

టీచరుకి కాలు నిలవలేదు. దాన్ని పేజీలో అందరికంటే పైన పెట్టింది. పిల్లలు ఎంత బాగా నేర్చుకుంటున్నారో చూడమని లింకు తల్లిదండ్రులందరికీ పంపింది. ఆ గోడ ఎవరిదన్న ఆలోచనే రాలేదు.

పిచ్చుక వాళ్లు అద్దెకుండే గదుల వరస యజమాని మనవరాలు కూడా అదే క్లాసు. ఆయన బడి కమిటీలో ఉన్నాడు. పిల్లల చేతుల్లోని ట్యాబ్‌లు కొనిచ్చింది కూడా ఆయనే.

"ఆయనిచ్చిన ట్యాబ్‌తో ఆయన గోడకే ఫోటోలా? తీసెయ్యండమ్మా ముందు" అన్నాడు హెడ్మాస్టరు. టీచరు అక్కడే నిలబడి తీసేసింది. ఆమె ఉద్యోగం ఏటికేడు హెడ్మాస్టరు సంతకంతో సాగే ఉద్యోగం.

తర్వాతి క్లాసులో వెనక బెంచీ నుంచి ఎవడో, "మేడం, మా నిమ్మతొక్క ఉంచుతారా? అది మా సొంత నిమ్మకాయేలెండి" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. పిచ్చుక నవ్వలేదు. ఇంటాయన మనవరాలు కూడా నవ్వలేదు.

తీసేస్తే సరిపోలేదు ఇంటాయనకి. అదే గడిలో, ఆ పిల్ల చేతే, ఇల్లు శుభ్రంగా ఉంచుకోకపోవడం వల్లే బూజు పట్టిందనీ, యజమాని తప్పేమీ లేదనీ రాయించమన్నాడు. ఆ పని హెడ్మాస్టరు టీచరుకే అప్పగించాడు.

పేజీ పైన ఇప్పుడు పేరు లేని చుక్క ఒకటి వెలుగుతోంది. లింకు ఉన్నవాళ్లెవరో చూస్తున్నారు.

"ఆయనేనా?" అని తల్లి గొంతు తగ్గించింది. ట్యాబ్‌లోంచి ఆయనకు కనిపిస్తానేమోనని జుట్టు సవరించుకుంది.

"అయ్యుండొచ్చు. రాసేది కనిపిస్తుంది గానీ మనం కనపడమమ్మా."

పిచ్చుక టైపు చెయ్యడం మొదలుపెట్టింది. 'మేము ఇల్లు శుభ్రంగా' అని రాసి ఆగింది.

"మా అమ్మ ఆదివారం ఆదివారం బ్లీచింగ్ పెట్టి తోముతుంది మేడం. తోమినా గోడ తడిగా ఉంటే మళ్లీ వస్తుందని మీరేగా చెప్పారు?"

"దీనికి మార్కులు తియ్యనులేమ్మా."

"మార్కుల కోసం కాదు మేడం. మా క్లాసంతా దీన్ని చూసే చదువుతారు. నేను తప్పు రాస్తే అందరూ తప్పే నేర్చుకుంటారు కదా."

"వాళ్ల చదువు వాళ్లు చూసుకుంటారు. నువ్వు రాయవే!" తల్లి కసిరింది. దగ్గు ముంచుకొచ్చింది. బల్ల పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. "గోడ పక్కన పడుకుంటే దగ్గొస్తుంది, నిజమే. రోడ్డు మీద పడుకుంటే రాదా?"

పిచ్చుక వేళ్లు ట్యాబ్ మీదే ఉన్నాయి. "మీరు చెప్పండి మేడం. రాయమంటే రాసేస్తా."

రాయమ్మా అనడానికే టీచరు నోరు తెరిచింది. ఆ మాటతో అందరి పీడా వదిలిపోతుంది. ముందుగా తన పీడ. కానీ ఆ రోజు సిగ్గేంటని రాయించింది తను. ఈరోజు సిగ్గుపడమని రాయిస్తోందీ తనే.

ట్యాబ్ తనవైపు లాక్కుంది. పిల్ల రాసిన మూడు మాటలూ చెరిపింది. తన పేరుతో వచ్చే రంగులో రాసింది: 'ఇక్కడ ఒక గోడ ఫోటో ఉండేది. పెట్టమన్నది నేను. భయపడి తీసేసింది నేను. ఆ ఫోటో కింద విద్యార్థిని రాసినదాంట్లో తప్పు లేదు.'

"ఏం రాశారు మేడం?" అంది తల్లి.

పిచ్చుక చదివి వినిపించింది. తల్లి ముఖంలో ఒక్క గీత కూడా సడలలేదు.

"తప్పు మీదని మీరు రాసుకున్నారు. బానే ఉంది. దాంతో మా గది నిలుస్తుందా?"

"నేనూ వస్తాను. ఇంటాయనతో నేనే మాట్లాడతాను" అంది టీచరు.

"ఎప్పుడు? మీ బడి వదిలాకా? అప్పటికి మా సామాను వాకిట్లో ఉంటుంది."

పేజీ పైనుంచి ఆ పేరులేని చుక్క మాయమైంది. మరుక్షణం బల్ల మీది టీచరు ఫోను మోగింది. హెడ్మాస్టరు. ఆమె ఫోను ఎత్తలేదు.

"ఇప్పుడే" అంది.

తల్లి నమ్మనట్టు చూసింది. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. పిచ్చుక వెంట పరుగెత్తింది. టీచరు ల్యాబ్‌కి తాళం పెట్టి గేటు దగ్గరికి చేరేసరికి తల్లీకూతుళ్లు రోడ్డు దాటేశారు. ఎటు తిరిగారో కనపడలేదు.

వాళ్లు పడుకునే చోటి గోడని తను ఊరందరికీ చూపించింది. ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో ఇంతవరకూ అడగలేదు. వెనక వరండాలోంచి హెడ్మాస్టరు పిలుస్తున్నాడు. ఎదర సందుల్లో ఎక్కడో దగ్గు వినిపించింది. టీచరు అటు నడిచింది.