బ్రిజెట్ అవ్వ తిన్నె

ఖైదీలని తెచ్చి పడేసే వాన్ డీమెన్ దీవి రేవులో సర్వే పడవ వాళ్లకి పొద్దున్నే మొదటి పని, ఇసుకతిన్నె ఎక్కడుందో కనుక్కోవడం. ఎటు బుద్ధిపుడితే అటు పోయేది అది. తెడ్లు వేసేవాళ్లు దానికి బ్రిజెట్ అవ్వ అని పేరు పెట్టుకున్నారు. ఆ నేల మనుషులు దాన్ని ఏమంటారో అడగాలని ఎవరికీ తోచలేదు.

"ఇవాళ ముసల్ది ఎటు పోయిందిరా?"

"జెట్టీ పక్కకొచ్చింది. వంట వాసన తగిలుంటుంది."

పటం గీసే ఆంబ్రోస్ లైల్‌కి నవ్వు రాలేదు. తాడుకి సీసపు గుండు కట్టి, నీళ్లలో వదిలి, లోతు బారల్లో రాసుకుంటాడతను. కొలవని అంకె ఒక్కటీ పటమెక్కించలేదు, అదే అతని పొగరు. అయినా తిన్నెని ముందే పటంలో గీసేస్తే అదేం చేస్తుందోనన్న కుతూహలం చాన్నాళ్లుగా అతన్ని కుదురుగా ఉండనివ్వడం లేదు.

ఆ పొద్దున లైల్ పటాలు గీసుకునే గదికి బట్టలుతికే హెస్టర్ వచ్చింది. ఆమె మొగుడు నెడ్ ఖైదీ. గొర్రెపిల్లని దొంగిలించి కోసుకున్నందుకు నార్ఫోక్ దీవికి పంపేస్తున్నారు. అక్కడికి పోయినవాళ్లు తిరిగొచ్చింది లేదు.

"మధ్యాహ్నం నీళ్లు తీసే ఆటుకి ఓడ కదులుతుందంటయ్యా. రేవు మూతి దగ్గర లోతు బానే ఉందా?"

"ఏడు బారలు. నేనే కొలిచాను."

"ఒక్కసారి తప్పు కొలవకూడదా?"

"తప్పు రాస్తే ఓడలు మునుగుతాయి హెస్టర్."

"ఒప్పు రాస్తే నా కాపురం మునుగుతోందిగా!"

ఆమె వెళ్లిపోయాక లైల్ చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. జాలి ఎక్కువో, కుతూహలం ఎక్కువో అతనికే తెలియదు. రేవు మూతి దగ్గర చుక్కలతో తిన్నె గీసి, అర బార అని రాశాడు. సిరా ఆరింది. కిటికీలోంచి చూస్తే జెట్టీ పక్కన నీళ్లు నీలంగా ఉన్నాయి. అవ్వ లేచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఓడ వెళ్లి మెత్తగా ఇసుకలో కూర్చుంది.

"పటం చూసుకోవద్దటయ్యా? అర బారని రాసే ఉందిగా!" అని సర్వే కెప్టెన్ ఓడ నడిపినవాణ్ణి చెడామడా తిట్టాడు.

"నిన్న అక్కడ లేదండీ."

"కదలాలంటే నిన్నడగాలా అది?"

నీళ్లు తీసేకొద్దీ ఓడ పక్కకి ఒరిగి వెన్ను విరిగింది. తిన్నె మాత్రం మళ్లీ ఎప్పుడూ కదల్లేదు. తరవాత లైల్ ఎన్నిసార్లు గుండు వేసినా అదే అర బార. పాపం, దాని తిరుగుడు మాన్పించింది తనేనని అతనికి బాధగానే ఉండేది.

సాయంత్రానికి ఇసుక ఒడ్డుదాకా తేలింది. సంకెళ్లతోనే ఖైదీలని దింపి దానిమీద నడిపించుకొచ్చారు. హెస్టర్ ఆగలేక ఎదురెళ్లింది. నెడ్ కాళ్ల గొలుసు ఇసుకలో ఈడ్చుకోకుండా, తడి దుప్పటి ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. కాపలావాడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"ఓడ లేదుగా, ఇక్కడే రాళ్లు కొట్టే చోటికి తోలతారంట మిమ్మల్ని," అంది. "బట్టలారేసే కాడ్నుంచి కనబడతావు."